పిటిషన్ ఇచ్చి వెళ్లు, చూస్తాం



ఏ మండల కేంద్రంలోనైనా పోలీస్ స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఒక జిరాక్స్ షాపు ఉంటుంది. ఆ షాపులో పిటిషన్లు రాసిపెట్టే మనిషి ఒకాయన ఉంటాడు. లా చదివినవాడు కాదు, ఆ మాటకొస్తే డిగ్రీ కూడా పాసై ఉండడు. కానీ పెన్ను పట్టుకుంటే చాలు, "ఫలానా గ్రామ కాపురస్తులు ఫలానా వారు వ్రాసుకొను విన్నపము ఏమనగా" అని గడగడా రాసుకుపోతాడు. బోరు మోటారు పోయినా, గట్టు తగాదాలో తల పగిలినా, అల్లుడు తాగొచ్చి కూతుర్ని కొట్టినా ముందు మాటలూ వెనక మాటలూ అవే, మధ్యలో సంగతి మారుతుంది. వంద రూపాయలు తీసుకుని, రెండు కాపీలు చేతిలో పెట్టి, "ఒకటి నీ దగ్గరుంచుకో పెద్దాయనా, దానిమీద స్టాంపు వేయించుకో" అని చెప్పి పంపిస్తాడు. ఆ ఆఖరి సలహా విలువ చాలామందికి తెలియదు. కోర్టుల చుట్టూ తిరిగే వకీలుగా నాకు తెలుసు. పోలీసుల మీద జనానికి నమ్మకం ఎందుకు తగ్గింది, మళ్లీ ఎలా వస్తుంది అని సెమినార్లలో ఎంతైనా మాట్లాడుకోవచ్చు. నేను మాత్రం ఆ స్టాంపు దగ్గర మొదలుపెడతాను.

ఒక రైతు సంగతి తీసుకుందాం. రాత్రికి రాత్రి బోరు దగ్గర స్టార్టర్ పెట్టె పగలగొట్టి, కేబుల్ వైరు కోసుకుపోయారు. రాగి కోసం. వరి పొట్టకొచ్చిన సమయం, ఒక్క తడి తప్పినా గింజ తాలు పోతుంది. రైతు పొద్దున్నే స్టేషన్‌కు వస్తాడు. సెంట్రీ "ఏం పని?" అంటాడు. ఎస్సై గారు బందోబస్తుకు వెళ్లారు, రైటర్ గారు కోర్టుకు వెళ్లారు, మధ్యాహ్నం రమ్మంటారు. మధ్యాహ్నం వస్తే సాయంత్రం. సాయంత్రానికి రైటర్ దొరుకుతాడు. పిటిషన్ మీద చూపు పరిగెత్తించి, "ఎవరిమీదన్నా అనుమానముందా?" అంటాడు. "లేదయ్యా." "మరి ఎవర్ని పట్టుకోమంటావు? సరే, పిటిషన్ ఇచ్చి వెళ్లు, చూస్తాం." రైతు దండం పెట్టి బయటికొస్తాడు. చేతిలో స్టాంపు లేదు, నంబరు లేదు, రసీదు లేదు. వారం తర్వాత వెళ్తే ఆ కాగితం ఎక్కడుందో రైటర్‌కే గుర్తుండదు. రైతు అప్పు చేసి కొత్త వైరు వేయించుకుంటాడు. మరుసటి ఏడు మళ్లీ పోతే స్టేషన్ ముఖం చూడడు, ఊళ్లో కుర్రాళ్లను కూడగట్టి రాత్రిళ్లు కాపలా కాస్తాడు. వాళ్ల చేతికి ఎవరైనా చిక్కితే ఏమవుతుందో మీరు పేపర్లలో చదువుతూనే ఉన్నారు.

ఆ రైటర్ దుర్మార్గుడని నేననడం లేదు. ఆయన లెక్క ఆయనకుంది. ఎఫ్ఐఆర్ కట్టాడంటే దానికి క్రైమ్ నంబరు పడుతుంది. నంబరు పడిందంటే కేస్ డైరీ రాయాలి, సాక్షుల్ని విచారించాలి, పంచనామా చేయాలి, దొంగ దొరికినా దొరక్కపోయినా ఆఖర్న కోర్టుకు ఒక రిపోర్టు వెయ్యాలి. నెలనెలా ఎస్పీ గారి క్రైమ్ మీటింగులో "మీ స్టేషన్లో దొంగతనాలు ఎందుకు పెరిగాయి?" అని ఎస్సై మాట పడాలి. దొంగతనాలు పెరిగాయా, రాసుకోవడం పెరిగిందా అని ఆ మీటింగులో ఎవరూ అడగరు. నిజాయితీగా కేసులు కట్టిన స్టేషన్ చెడ్డ స్టేషన్ అయిపోతుంది, పిటిషన్లను సొరుగులో పెట్టుకున్న స్టేషన్ ప్రశాంతంగా ఉన్నట్టు కనబడుతుంది.

ఇంకో సంగతి ఉంది. ఎఫ్ఐఆర్ కట్టగానే దాని ప్రతి ఒకటి మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలి. అంటే ఆ క్షణం నుంచి ఆ వ్యవహారం మీద స్టేషన్ బయటి కన్ను ఒకటి పడుతుంది. పిటిషన్ అలా కాదు, అది ఎస్సై గారి సొంత ఆస్తి. దాన్ని అడ్డం పెట్టుకుని రెండు పార్టీలనూ పిలిపించవచ్చు, కూర్చోబెట్టి రాజీ చేయవచ్చు, "సివిల్ మేటర్, కోర్టుకు వెళ్లండి" అని పంపేయవచ్చు, అదే సివిల్ మేటర్‌లో మరో పార్టీ తరఫున సెటిల్‌మెంటూ చేయవచ్చు. ఏం చేసినా ఎక్కడా అచ్చుగుద్దిన అక్షరం మిగలదు. స్టేషన్లో అవినీతి, బలవంతం, పక్షపాతం అన్నీ ఈ నంబరు లేని కాగితం చుట్టూనే పెరుగుతాయని నా అనుభవం. పోలీసుల జవాబుదారీతనం అని మనం పెద్దపెద్ద మాటలు వాడుతుంటాం. అది ఈ రైటర్ బల్ల మీద మొదలు కావాలి.

చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. 2013 నవంబరులో లలితాకుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కాగ్నిజబుల్ నేరం, అంటే కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల నేరం, జరిగిందని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాల్సిందేనని తేల్చింది. 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో ఇది 173వ సెక్షన్. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా సరే, మీరు వెళ్లిన స్టేషన్‌లో రాసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటున్నది దీన్నే. ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఫిర్యాదు పంపితే, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెడితే చాలు. ఎఫ్ఐఆర్ కాపీ పైసా తీసుకోకుండా ఇవ్వాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా బాధితులకు తెలియజెయ్యాలి. స్త్రీల మీద జరిగే కొన్ని తీవ్రమైన నేరాల్లో ఫిర్యాదు రాసుకోని అధికారికి ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలుశిక్ష వేయవచ్చని 2013లోనే చట్టంలో చేర్చారు.

అదే 173లో ఒక కిటికీ కూడా తెరిచిపెట్టారు. మూడేళ్లకు తక్కువ కాకుండా, ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాల్లో, డీఎస్పీ అనుమతి తీసుకుని పద్నాలుగు రోజులు ప్రాథమిక విచారణ చేయవచ్చునట. మన రైతు కేబుల్ దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు, కాబట్టి సరిగ్గా ఈ కిటికీలో పడుతుంది. అంతేకాదు, పోయిన సొత్తు విలువ ఐదు వేల రూపాయల లోపైతే ఆ దొంగతనం ఇప్పుడు కాగ్నిజబుల్ కాదు, కోర్టు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. అందుకే "ఎంతదిలే, నాలుగు వేలని రాయి" అని ఎవరన్నా స్నేహంగా చెబితే వినకండి. పన్నెండు వేలది పోతే పన్నెండు వేలనే రాయించండి, కొన్న బిల్లు ఉంటే జతచెయ్యండి.

స్టేషన్లో తీసుకోకపోతే ఏం చేయాలో కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఫిర్యాదును ఎస్పీకి పోస్టులో పంపాలి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఎస్పీకి పంపిన రుజువు లేకుండా మేజిస్ట్రేటు దగ్గరికి వస్తే మొదటి ప్రశ్న దానిమీదే పడుతుంది. పోస్టు రసీదును పట్టాదారు పాస్‌పుస్తకంలా దాచుకోమని నా దగ్గరికొచ్చినవాళ్లకు చెబుతుంటాను.

అసలు పోలీసును నమ్మకపోవడం మన జనానికి పుట్టుకతో వచ్చిన జబ్బేం కాదు. చట్టమే నమ్మలేదు. 1857 తిరుగుబాటు అణగాక బ్రిటిష్ వాళ్లు 1861లో పోలీసు చట్టం చేశారు. దేశాన్ని అదుపులో పెట్టడానికి తయారుచేసిన బలగం అది. ఊరివాళ్లకు జవాబు చెప్పే ఏర్పాటేదీ అందులో లేదు. ఆ తర్వాత పదకొండేళ్లకు, 1872లో, వాళ్లే సాక్ష్య చట్టం రాస్తూ పోలీసు అధికారి ముందు ఎవరైనా నేరం ఒప్పుకున్నా అది కోర్టులో చెల్లదన్నారు. ఎలా ఒప్పిస్తారో వాళ్లకు బాగా తెలుసు కాబట్టి. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సాక్షి సంతకం కూడా పెట్టకూడదు. స్వాతంత్ర్యం వచ్చి ఇన్నేళ్లయింది, చట్టాల పేర్లన్నీ మారిపోయాయి, ఈ రెండు నియమాలూ కొత్త చట్టాల్లోకి అలాగే నడిచివచ్చాయి. అధికారి మాటను పార్లమెంటే పూర్తిగా నమ్మనప్పుడు, "మీరు మాత్రం పోలీసులను నమ్మండి" అని పల్లెటూరి మనిషికి చెప్పడం ఎంతవరకు సబబు?

అలాగని జనం పోలీసులను అభిమానించలేదా అంటే, మహా అభిమానించారు. నిజాం కాలంలో హైదరాబాద్ కొత్వాలుగా 1920 నుంచి 1934 దాకా పనిచేసిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డిని అక్కడి పాత కుటుంబాలు ఇప్పటికీ గౌరవంగా తలుచుకుంటాయి. ఇప్పుడు కూడా మంచి ఎస్సై బదిలీ అయితే ఊరివాళ్లు శాలువాలు కప్పి, ట్రాక్టర్ మీద ఊరేగించి పంపడం మనం చూస్తుంటాం. కొన్నిచోట్ల బదిలీ ఆపమని రోడ్డెక్కుతారు కూడా. నాకు ఆ ఊరేగింపులు చూస్తే సంతోషం కంటే దిగులే ఎక్కువ కలుగుతుంది. మర్నాడు ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలియకనే కదా జనం అంతగా బెంగపడుతున్నది! నమ్మకం ఆ మనిషి మీద ఉంది, స్టేషన్ మీద లేదు. మనిషి సామాను సర్దుకోగానే నమ్మకం కూడా లారీ ఎక్కేస్తుంది.

ఈ బదిలీలు ఎవరి చేతుల్లో ఉన్నాయో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. ఎమ్మెల్యే సిఫార్సు లేఖ లేకుండా స్టేషన్ పోస్టింగు రాదన్నది రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ టీ కొట్టు దగ్గర కూడా వినిపించే మాట. ఇది మన దగ్గరే కాదు, దేశమంతటా ఉంది. పోలీసు ఉన్నతాధికారిగా రిటైరైన ప్రకాశ్ సింగ్ దీనిమీదే 1996లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. పదేళ్లు పట్టింది. 2006 సెప్టెంబరులో కోర్టు ఏడు ఆదేశాలిచ్చింది. స్టేషన్ హౌస్ ఆఫీసర్‌కు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, శాంతిభద్రతల పనీ నేర దర్యాప్తు పనీ వేరు చేయాలని, పోలీసుల మీద వచ్చే ఫిర్యాదులు వినడానికి రాష్ట్రంలోనూ ప్రతి జిల్లాలోనూ ఒక ఫిర్యాదుల అథారిటీ పెట్టాలని వాటిలో ఉంది. ఏ పార్టీ ప్రభుత్వమైనా, ఏ రాష్ట్రమైనా, వీటిని మనస్ఫూర్తిగా అమలుచేసిన దాఖలా లేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు పోలీసు సంస్కరణలు గుర్తొస్తాయి, అధికారంలోకి రాగానే పోలీసులు గుర్తొస్తారు.

స్టేషన్ మీద బయటి కన్ను లేకపోతే ఏం జరుగుతుందో మనకు హైదరాబాదే ఒకసారి చూపించింది. 1978లో నల్లకుంట స్టేషన్. రాత్రి సినిమా చూసి వస్తున్న పేద దంపతులను పోలీసులు పట్టుకెళ్లారు. భార్య మీద స్టేషన్లోనే అత్యాచారం జరిగింది. అడ్డుపడ్డ భర్తను, రిక్షా తొక్కి బతికే మనిషిని, కొట్టారు. ఆయన చనిపోయాడు. నగరం అట్టుడికిపోయింది, కాల్పులు జరిగాయి, కర్ఫ్యూ పెట్టారు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారించి పోలీసులను తప్పుపట్టింది. అయితే కేసు రాష్ట్రం దాటి రాయచూరు కోర్టుకు వెళ్లింది, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఈ కేసు, మహారాష్ట్రలో ఇలాంటిదే అయిన మథుర కేసు రేపిన ఆందోళనల తర్వాతే 1983లో కస్టడీ అత్యాచారాలకు చట్టంలో ప్రత్యేక స్థానం దొరికింది. 1985లో లా కమిషన్ ఇంకో మాట కూడా చెప్పింది. కస్టడీలో ఉన్న మనిషికి గాయాలైతే అవి పోలీసులు చేసినవేనని కోర్టు భావించేలా సాక్ష్య చట్టంలో ఒక సెక్షన్ చేర్చమంది. అది ఈనాటికీ చేరలేదు.

1986లో డీకే బసు అనే ఆయన కలకత్తా నుంచి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లాకప్ మరణాల గురించి ఒక ఉత్తరం రాశారు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. పదేళ్ల తర్వాత, 1996 డిసెంబరులో తీర్పు వచ్చింది. అరెస్టు చేసే పోలీసు పేరు, హోదా కనిపించేలా బ్యాడ్జి పెట్టుకోవాలి. అరెస్టు మెమో రాసి, దానిమీద ఇంటివాళ్లతోనో ఊరి పెద్దమనిషితోనో సాక్షి సంతకం పెట్టించాలి. ఎక్కడ ఉంచారో బంధువులకు చెప్పాలి. నలభై ఎనిమిది గంటలకొకసారి డాక్టర్‌తో పరీక్ష చేయించాలి. చూడండి, ఇందులో ప్రతి నియమమూ ఒక బయటి మనిషిని లోపలికి తెచ్చేదే. అన్నీ గోడమీద బోర్డుగా రాసి ఉంటాయి. కానీ జాతీయ నేర గణాంకాల ప్రకారం 2001 నుంచి 2020 దాకా దేశంలో 1,888 మంది పోలీసు కస్టడీలో చనిపోయారు. వాటికి సంబంధించి శిక్షపడిన పోలీసులు 26 మంది.

కరోనా లాక్‌డౌన్ రోజుల్లో తమిళనాడు తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళంలో జరిగింది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2020 జూన్ 19. సెల్‌ఫోన్ల షాపు టైము దాటాక తెరిచి ఉంచారన్న ఆరోపణ మీద ఆ షాపు నడిపే కుటుంబంలోని తండ్రిని స్టేషన్‌కు తీసుకెళ్లారు. తండ్రి ఏమయ్యాడోనని కొడుకు వెనకే వెళ్లాడు. రాత్రంతా ఇద్దర్నీ కొట్టారు. మర్నాడు రిమాండ్ చేసి జైలుకు పంపారు. కొడుకు 22 రాత్రి, తండ్రి 23 తెల్లవారుజామున చనిపోయారు. మద్రాస్ హైకోర్టు మదురై ధర్మాసనం తనంతట తాను కేసు చేపట్టి, విచారించమని ఒక మేజిస్ట్రేటును ఆ స్టేషన్‌కు పంపింది. ఆయన వెళ్లి సీసీ కెమెరాల రికార్డింగు అడిగారు. హార్డ్‌డిస్కులో కావలసినంత చోటుంది. కానీ ఏ రోజు దృశ్యాలు ఆ రోజే చెరిగిపోయేలా సెట్టింగు పెట్టి ఉంచారు. 19వ తేదీ రాత్రి దృశ్యాలు లేవు. స్టేషన్ సిబ్బంది సహకరించకపోగా తనతో అవమానకరంగా ప్రవర్తించారని కూడా ఆయన హైకోర్టుకు నివేదించారు.

కెమెరా చెప్పనిది ఒక మనిషి చెప్పింది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మహిళా హెడ్ కానిస్టేబుల్, తోటి పోలీసులు బయట కాచుకుని ఉన్నారని తెలిసి కూడా, వణికిపోతూనే మేజిస్ట్రేటుకు వాంగ్మూలం ఇచ్చింది. రాత్రంతా కొట్టారని, లాఠీలకూ బల్లకూ రక్తం అంటిందని చెప్పింది. ఆమెకు, ఆమె కుటుంబానికి కోర్టు రక్షణ ఇప్పించాల్సి వచ్చింది. స్టేషన్ మొత్తాన్ని రెవెన్యూ అధికారుల అదుపులో పెట్టమని హైకోర్టు ఆదేశించింది. పోలీస్ స్టేషన్‌కు తహశీల్దారును కాపలా పెట్టాల్సిన రోజు వస్తుందని ఎవరనుకున్నారు? ఆ తర్వాత సీబీఐ దర్యాప్తు చేసి తొమ్మిది మంది పోలీసుల మీద ఛార్జిషీటు వేసింది. ఆ హెడ్ కానిస్టేబుల్ గురించి తలుచుకున్నప్పుడల్లా నాకనిపిస్తుంది, నిజం చెప్పిన పోలీసుకు రక్షణ కల్పించే పద్ధతి మన దగ్గర ముందే ఉంటే ఆ రాత్రే ఆమె ఎవరికో ఒకరికి ఫోన్ చేసి ఉండేదేమో.

ఆ ఏడాది డిసెంబరులోనే సుప్రీంకోర్టు, పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో, ప్రతి స్టేషన్లోనూ గేటు నుంచి లాకప్ దాకా, మాట కూడా వినబడేలా కెమెరాలు పెట్టాలని, రికార్డింగును ఏడాదిన్నర, వీలుకాకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని చెప్పింది. అయిదేళ్లు తిరిగేసరికి, 2025 సెప్టెంబరులో, స్టేషన్లలో కెమెరాలు పనిచేయడం లేదన్న పత్రికా వార్త చూసి కోర్టు మళ్లీ తనంతట తానే కేసు తీసుకోవాల్సి వచ్చింది. బజార్లో దొంగను పట్టించే కెమెరా ఎప్పుడూ బాగానే పనిచేస్తుంది, స్టేషన్ లోపలి కెమెరాకే ఏదో ఒక రోగం!

ఇంతవరకు పోలీసుల గురించి చెప్పాను. ఇప్పుడు మన గురించి కూడా చెప్పుకోవాలి. 2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలు కనిపించకుండా పోయింది. కుటుంబసభ్యులు స్టేషన్‌కు పరుగెత్తారు. అక్కడ "మా పరిధి కాదు" అన్నారు. ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు తిరగడంలో విలువైన గంటలు పోయాయి. తెల్లవారాక ఆమె కాలిపోయిన శరీరం చటాన్‌పల్లి వంతెన కింద దొరికింది. కేసు నమోదులో ఆలస్యం చేశారని ఒక ఎస్సైనీ ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లనూ సస్పెండ్ చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున, పట్టుకున్న నలుగురు నిందితులనూ అదే చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చిచంపారు. పిస్తోళ్లు లాక్కుని తిరగబడ్డారన్నారు. జనం వంతెన మీద నుంచి పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు, భుజాల మీదికెత్తుకున్నారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు ఎవరి వాదనా నిలవదు. కానీ తొమ్మిది రోజుల కిందట "మా పరిధి కాదు" అన్న మాట ఆ పూలకింద కప్పబడిపోయింది. ఆ గంటల ఆలస్యం గురించి మళ్లీ అడిగినవాళ్లు లేరు.

సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో నివేదిక ఇచ్చింది. పోలీసులు చెప్పిన కథ నమ్మదగ్గది కాదని, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసులను హత్య నేరం కింద విచారించాలని చెప్పింది. చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. ఆ నివేదిక వచ్చిన రోజున టీవీల్లో కాసేపు హడావుడి తప్ప, ఊళ్లలో దాన్ని పట్టించుకున్నట్టు నాకు కనబడలేదు. కోర్టు చేయాల్సిన పని స్టేషన్‌కు అప్పజెప్పి చప్పట్లు కొట్టాక, అదే స్టేషన్ రేపు మనింటి కుర్రాణ్ణి అనుమానం మీద తీసుకెళితే అరెస్టు మెమో ఏదని అడగడానికి మనకు నోరు ఎలా వస్తుంది?

పోలీసుల కష్టం చెప్పకుండా ఈ ప్రసంగం ముగిస్తే అన్యాయం చేసినవాణ్ణవుతాను. కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు 2019లో చేసిన సర్వేలో పోలీసులు సగటున రోజుకు పద్నాలుగు గంటలు పనిచేస్తున్నారని తేలింది. దేశంలో మంజూరైన పోస్టుల్లో సుమారు ఐదోవంతు ఖాళీ. ఆంధ్రప్రదేశ్ 2019లో వారానికొక సెలవు ప్రకటించింది. మంచి పని. కానీ మనుషులు చాలకపోతే సెలవు డ్యూటీ చార్టులో ఉంటుంది, కానిస్టేబుల్ బందోబస్తులో ఉంటాడు. పండక్కి ఇంటికెళ్లని, పిల్లల స్కూలు మీటింగుకు ఎన్నడూ రాని మనిషి, పై అధికారితో పొద్దున్నే తిట్లు తిన్న మనిషి, మన రైతుతో తియ్యగా మాట్లాడాలని ఆశిస్తున్నాం. ఫ్రెండ్లీ పోలీసింగ్ అని బోర్డులు పెట్టాం, స్టేషన్లకు రంగులేశాం, రిసెప్షన్‌లో కుర్చీలు వేశాం. అవి వద్దని నేననను. అయితే వాటన్నిటికంటే పనికొచ్చింది ఒక చిన్న జీవో. తెలంగాణ వచ్చాక 2014లో స్టేషన్ ఖర్చులకు నెలనెలా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టారు. హైదరాబాద్‌లో ఒక్కో స్టేషన్‌కు 75 వేలు, పల్లెటూరి స్టేషన్‌కు 25 వేలు. అంతకుముందు తెల్లకాగితాల దస్తా, జీపులో డీజిలు, శవాన్ని పోస్టుమార్టానికి తీసుకెళ్లే బండి కిరాయి, అన్నీ ఫిర్యాదు తెచ్చినవాడి జేబులోంచే. బిడ్డ చనిపోయిన తండ్రిని డీజిలుకు డబ్బడిగే కానిస్టేబుల్‌కు సిగ్గుండదా? ఉంటుంది. ప్రభుత్వం డబ్బివ్వకుండా ఆ సిగ్గును రోజూ చంపుకొమ్మంది.

ఇక ఫిర్యాదుల అథారిటీ సంగతి. 2006లో చెబితే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏళ్లూపూళ్లూ సాగదీసి, కోర్టులు వెంటపడ్డాక గానీ కదలలేదు. మన మండలాల్లో ఆ పేరు విన్నవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఎస్సై మీద ఫిర్యాదు ఉంటే ఇప్పటికీ డీఎస్పీ దగ్గరికే వెళ్తున్నాం. ఆయన దాన్ని విచారణ కోసం సీఐకి పంపుతాడు, సీఐ అదే స్టేషన్‌కు వచ్చి ఎస్సై గారి గదిలో కూర్చుని ఫిర్యాదుదారును పిలిపిస్తాడు. అత్త మీద చాడీ అత్తకే చెప్పినట్టు!

అథారిటీ మన మండలం దాకా వచ్చేలోపు మన చేతిలో మార్గాలేవీ లేవా అంటే, ఉన్నాయి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం, లైంగిక నేరాలు, ఉగ్రవాదం వంటి సున్నితమైన కేసులు తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లన్నీ మామూలుగా ఇరవై నాలుగు గంటల్లో పోలీసుల వెబ్‌సైటులో పెట్టాలి. మీ స్టేషన్ పేరు కొట్టి చూడండి. నిరుడు మీ ఊళ్లో ఎన్ని ఇళ్లలో దొంగలు పడ్డారో, ఎన్ని బోర్ల దగ్గర వైర్లు పోయాయో మీకు తెలుసు, అక్కడ ఎన్ని కనిపిస్తున్నాయో చూడండి. తేడా ఉంటే సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. ఫీజు పది రూపాయలు దాటదు, ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. ఒక మనిషి ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారమైతే నలభై ఎనిమిది గంటల్లోనే ఇవ్వాలి. దరఖాస్తులో మూడు ప్రశ్నలు చాలు. మా స్టేషన్‌కు గత సంవత్సరం ఎన్ని పిటిషన్లు వచ్చాయి? వాటిలో ఎన్నింటి మీద ఎఫ్ఐఆర్ కట్టారు? కట్టనివాటికి కారణం రాసి ఫిర్యాదుదారుకు ఎప్పుడు తెలియజేశారు? గ్రామసభలోనో యువజన సంఘంలోనో పదిమంది కూర్చుని ఈ మూడు ప్రశ్నలూ రాయండి, కింద పదిమందీ సంతకాలు పెట్టండి. ఒకే సంతకం ఉంటే ఎస్సై గారి నుంచి ఫోన్ వస్తుంది. పది సంతకాలుంటే జవాబు వస్తుంది.